మీటరు 92,140 నుంచి: ఒక టర్బో కారు పెట్రోలు లెక్క

మీటరు 92,140

కారు కొని మూడు నెలలైంది. రెండు లీటర్ల పెట్రోలు ఇంజిను, దానికి టర్బో, అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ గాలిని ఇంజినులోకి కుక్కే పంపు, నాలుగు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్‌బాక్సు, కాగితం మీద 240 హార్స్‌పవర్, అదంతా ముందు చక్రాలకే. ఏడేళ్ల పాత బండి. కొనేటప్పుడు మైలేజీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అన్న ధీమాలో ఉన్నాను. మూడు నెలల పెట్రోలు బిల్లులు ఒకచోట పెట్టి కూడాక ఆ ధీమా కాస్త దిగింది.

అందుకే ఈ డైరీ. లీటరుకు పదిహేను తీయాలన్న పంతమేమీ లేదు, అంత మైలేజీ కావాలంటే వేరే కారు కొనుక్కోవాలి. పోసిన పెట్రోలు ఎక్కడికి పోతోందో తెలిస్తే చాలు. నాకు నేను పెట్టుకున్న షరతులు రెండే: పవర్ తగ్గించే పని చేయకూడదు, కొలవనిది ఇందులో రాయకూడదు.

కొలిచే పద్ధతి పాతదే. ట్యాంకు నిండా కొట్టించి, మొదటి క్లిక్‌కే ఆపి, మీటరు రాసుకుని, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడటం. మూడు ట్యాంకులు వరసగా: 402 కి.మీ.కి 46.2 లీటర్లు, 371కి 44.1, 455కి 47.9. మొత్తం 1,228 కి.మీ., 138.2 లీటర్లు, అంటే లీటరుకు 8.9. డ్యాష్‌బోర్డు మాత్రం దర్జాగా 9.5 చూపిస్తోంది. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి అది వేసుకునే అంచనా అది, తూకం కాదు. ఇకపై దాన్ని నమ్మేది లేదు.

ఇక్కడే ఒక తిరకాసు చెప్పాలి, నేనూ మొదట తప్పు చేశాను కాబట్టి. ఒక 300 కి.మీ.కి 7.5, ఇంకో 300కి 12.5 వచ్చిందనుకోండి, సగటు 10 అని రాసేస్తాం. కానీ మొదటిదానికి 40 లీటర్లు, రెండోదానికి 24, కలిపి 64 లీటర్లకు 600 కి.మీ., అంటే అసలు సగటు 9.4. కిలోమీటర్లన్నీ కూడి, లీటర్లన్నీ కూడి, అప్పుడు భాగించాలి. మైలేజీలను కూడి భాగిస్తే మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

మీటరు 93,420

కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కు పంపే ఓబీడీ అడాప్టర్ తగిలించి ఫోన్‌లో అంకెలు చూస్తూ రెండు వారాలు తిరిగాను. మొదట కంటపడింది కూలెంట్ వేడి. సాఫీ రోడ్డు మీద అరగంట నడిపినా 74, 76 డిగ్రీల దగ్గరే ఉంటోంది, 90 దరిదాపులకు రావాల్సింది. ట్రాఫిక్‌లో ఆగితే పెరుగుతుంది, కదలగానే మళ్లీ దిగుతుంది. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, థర్మోస్టాట్, సగం తెరుచుకుని అలాగే బిగుసుకుపోయిందన్నమాట. డ్యాష్‌బోర్డు మీది ముల్లు మాత్రం నడిమధ్యలో బుద్ధిగా నిలబడే ఉంది! ఈ కాలపు కార్లలో చాలావాటికి ఆ ముల్లు కొంత పరిధిలో వేడి ఎంతున్నా కదలకుండా చేసి పెడతారు, డ్రైవర్ కంగారు పడకూడదని.

ఇంజిను చల్లగా ఉందని కంప్యూటర్ అనుకున్నంత సేపూ, పెట్రోలు పాలు పెంచి, మిశ్రమాన్ని రిచ్‌గానే పోస్తుంది. నూనె చిక్కగా ఉండి ఘర్షణా ఎక్కువే. అంటే నేను ఎప్పుడూ పొద్దున్నే స్టార్ట్ చేసిన కారునే నడుపుతున్నట్టు లెక్క.

మీటరు 93,610

థర్మోస్టాట్ మార్చాం. పార్టు చిన్నదే, పనే పెద్దది, ఇన్‌టేక్ కింద చెయ్యి దూరని చోట ఉంది. మెకానిక్ అన్న పాతదాన్ని తీసి నా చేతిలో పెట్టి, "కారు కొన్నప్పుడు మైలేజీ అడగలేదుగా తమ్ముడూ, ఇప్పుడేంటి ఈ లెక్కలు" అన్నాడు. ఇంటికొచ్చి నీళ్ల గిన్నెలో వేసి కాచి చూశాను. నీళ్లు చల్లగా ఉన్నప్పుడే వాల్వు పక్కన నాణెం దూరేంత సందు ఉంది. మంచిదైతే చల్లగా ఉన్నప్పుడు పూర్తిగా మూసుకుని ఉండాలి.

తర్వాత రెండు ట్యాంకులు: 438 కి.మీ.కి 46.4 లీటర్లు, 449కి 47.0. కలిపి 9.5. కూలెంట్ 88 నుంచి 92 మధ్య. డ్రైవింగ్ ఏమీ మార్చకుండానే లీటరుకు 0.6 వచ్చింది. ఈ డైరీలో ఒకే ఒక్క పార్టు వల్ల ఇంత తేడా మళ్లీ రాలేదు, ముందే చెప్పేస్తున్నా.

మీటరు 94,630

సైలెన్సర్ గొట్టం చివర నల్లటి మసి. వేలు పెడితే కాటుకలా అంటుకుంటోంది. గట్టిగా తొక్కినప్పుడు బుస్సుమని ఒక సన్నని శబ్దం కూడా, మొదట్లో అది టర్బో శబ్దమేనని మురిసిపోయాను.

టర్బో నుంచి ఇంజినుకు వెళ్లే దారిలో ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానం. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ లోపలికొచ్చే గాలిని ముందే తూచేస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. మధ్యలో ఆ గాలి బయటికి పోతే పెట్రోలు మాత్రం లెక్క ప్రకారం వచ్చేస్తుంది, మిశ్రమం రిచ్ అవుతుంది, మసి మిగులుతుంది. టర్బో కూడా కావలసిన ప్రెషర్ రాబట్టుకోవడానికి మామూలుకన్నా ఎక్కువ తిరగాలి. అసలే దాని ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరిగే వస్తువు.

పరీక్ష ఇంట్లోనే చేశాను. సెన్సార్ తర్వాత ఉన్న గొట్టానికి ప్లాస్టిక్ మూత, దానికి టైరు వాల్వు బిగించి, గాలి పంపుతో మెల్లగా ప్రెషర్ ఎక్కించి, ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు కొట్టాను. 0.7 బార్ దాటనివ్వలేదు, ఎక్కువైతే ఆయిల్ సీళ్లకు ప్రమాదం. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కింది హోస్ దగ్గర బుడగలు గుత్తులు గుత్తులుగా లేచాయి. క్లాంప్ వదులైపోయి హోస్ అంచు మీద ఒక గాడి పడింది. హోస్, క్లాంప్ రెండూ కొత్తవి వేశాను. తర్వాతి ట్యాంకు 461 కి.మీ.కి 47.6 లీటర్లు, 9.7. మైలేజీ పెరిగింది కొంచెమే, పికప్‌లో తేడా మాత్రం బాగా తెలిసింది. బుస్సు శబ్దం పోయింది, కాస్త బాధేసింది కూడా.

మీటరు 95,150

స్పార్క్ ప్లగ్గులు. తీసి ఫీలర్ గేజ్ పెడితే గ్యాప్ 0.95, ఒకదానికి 1.0 మిల్లీమీటర్. ఉండాల్సింది 0.7. సిలిండర్లో గాలి ఎంత దట్టంగా కుక్కితే నిప్పురవ్వ దూకడం అంత కష్టం, అందుకే టర్బో ఇంజిన్లకు గ్యాప్ తక్కువ. మూడో గేర్లో పూర్తిగా తొక్కితే అప్పుడప్పుడు పొడిదగ్గులా వచ్చేది ఇందుకే. కొత్తవి వేశాక దగ్గు తగ్గింది. మైలేజీలో తేడా నా కొలతకు అందలేదు, కాబట్టి పెరిగిందని రాయను.

ఇందులో నా నిర్వాకం ఒకటి. మూడో సిలిండర్ కాయిల్ కనెక్టర్ లాగుతుంటే లాక్ చటుక్కున విరిగి చేతిలోకొచ్చింది. వేడికి ఎండి బిస్కెట్టులా అయిపోయింది ఆ ప్లాస్టిక్. ప్రస్తుతానికి జిప్ టై వేసి కట్టాను. పని చేస్తోంది. బానెట్ ఎత్తిన ప్రతిసారీ అది నన్ను వెక్కిరిస్తోంది.

మీటరు 95,640

ఒక ట్యాంకు 11.9 వచ్చింది. ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను. తర్వాతి ట్యాంకు 8.3. జరిగిందేమిటంటే పెట్రోలు నురగొచ్చి నాజిల్ ముందే ఆగిపోయింది, ట్యాంకు నిండలేదు. ఆ లోటు తర్వాతిదాంట్లో కలిసింది. ఒక్క ట్యాంకును పట్టుకుని ఎవరైనా గొప్పలు చెబితే నవ్వి ఊరుకోండి, కనీసం మూడు ట్యాంకులు కలిపి చూడాలి.

మీటరు 96,210

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు ఇది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు, 20 కి.మీ. ముక్క, ఒక్కో స్పీడుకు వెళ్లి తిరిగి రావడం. గాలి ఎటు వీచినా, రోడ్డు ఎటు వాలినా, రెండు వైపులా నడిపితే చాలావరకు సరిపోతుంది. క్రూజ్ కంట్రోల్ పెట్టి, పై గేర్లో, ఏసీ ఆపి. ఇంత చిన్న దూరానికి ట్యాంకు లెక్క కుదరదు కాబట్టి ఓబీడీ అంకెలు తీసుకుని, ఇన్నాళ్ల ట్యాంకు లెక్కతో పోల్చి సరిచేశాను.

80లో 17.9. 100లో 15.4. 120లో 12.3.

ఈ కారు లీటరుకు 17.9 ఇవ్వగలదని నాకు తెలియదు! 80 నుంచి 120 అంటే స్పీడు ఒకటిన్నర రెట్లే, కానీ గాలి వెనక్కి నెట్టే బలం దాని వర్గం, రెండుంపావు రెట్లు. ఆ గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన పవర్ మూడు రెట్లు దాటుతుంది. టర్బో ఉన్నా లేకపోయినా ఇది అందరికీ ఒకటే.

టర్బో కథ ఆ తర్వాత మొదలవుతుంది. 100లో నిలకడగా పోతున్నప్పుడు బూస్ట్, అంటే టర్బో అదనంగా ఎక్కించే ప్రెషర్, అసలు లేదు, ఇంజినులోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో ప్రెషర్ బయటి గాలికన్నా తక్కువే. అంటే ఆ సమయంలో ఇది మామూలు రెండు లీటర్ల కారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బూస్ట్ 1.2 బార్, అంటే సిలిండర్లకు అందేది రెట్టింపుకు పైగా గాలి, దానికి తగ్గ పెట్రోలు. అంతటితో ఆగదు. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి బరువున పోసే కంప్యూటర్, పూర్తి బూస్ట్‌లో దాన్ని 12కు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దించుతుంది. గాలి అంతే, పెట్రోలు ఐదో వంతుకు పైగా ఎక్కువ. ఆ అదనపు పెట్రోలు పవర్ కోసం కన్నా చల్లదనం కోసం. ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) రాకుండా, టర్బైన్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోకుండా కాపాడుతుంది.

1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని ఒక టర్బో కారు వచ్చింది, దానికి ఈ చల్లబరిచే పనికోసం నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోయాల్సి వచ్చేది. నింపడం మరిచిపోతే బూస్ట్ తగ్గిపోయేది. ఇప్పుడు ఆ పని చాలా కార్లలో పెట్రోలే చేస్తోంది, కాబట్టి మరిచిపోయే అవకాశం లేదు, బిల్లు రూపంలో గుర్తుచేస్తుంది.

లెక్క కట్టి చూశాను. 240 హార్స్‌పవర్ అంటే సుమారు 177 కిలోవాట్లు. రిచ్ మిశ్రమంతో ఒక్కో కిలోవాట్‌కు గంటకు 320 గ్రాములు అనుకుంటే గంటకు 76 లీటర్లు. సెకనుకు 21 మిల్లీలీటర్లు, టీ చెంచాతో నాలుగు చెంచాలు. 100లో నిలకడగా పోతే సెకనుకు రెండు మిల్లీలీటర్లు కూడా పట్టదు. ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ ఇప్పుడు నాకు చెంచాలు కనిపిస్తున్నాయి.

మీటరు 98,900

95 ఆక్టేన్, 98 ఆక్టేన్ గొడవ. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే సత్తా, అంకె ఎక్కువైతే సత్తా ఎక్కువ. పెట్రోలు మూత లోపలి స్టిక్కర్ 98 వాడమంటుంది, 95 కూడా పర్లేదంటుంది. రెండేసి ట్యాంకులు చూశాను. 95తో 948 కి.మీ.కి 96.5 లీటర్లు, 9.8. 98తో 957కి 95.3, 10.0. తేడా రెండు శాతం చిల్లర. ధరలో తేడా రెండు శాతం కన్నా ఎక్కువ కాబట్టి మెల్లగా నడిపేవాడికి 98తో గిట్టుబాటు లేదు.

మరి నేను 98 ఎందుకు పోయిస్తున్నానంటే, ఎండ వేళ గట్టిగా తొక్కినప్పుడు 95తో కంప్యూటర్ నాకింగ్ పసిగట్టి స్పార్కును మూడు, నాలుగు డిగ్రీలు వెనక్కి లాగుతోంది, 98తో ఒకటి కూడా లాగట్లేదు. స్పార్కు ఆలస్యమైతే పవర్ తగ్గడమే కాదు, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, దాన్ని చల్లార్చడానికి మళ్లీ పెట్రోలు. పవర్ కోసం కారు కొని ఆక్టేన్ దగ్గర పొదుపు చేయడం నాకు నచ్చలేదు, ఇది లెక్క కాదు, ఇష్టం.

ఇథనాల్ సంగతి కూడా. లీటరు లీటరుకు పోలిస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం కలిస్తే మైలేజీ మూడు శాతం, ఇరవై కలిస్తే ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారం సహజం. దాని ఆక్టేన్ మాత్రం ఎక్కువ. కాబట్టి రెండు బంకుల పెట్రోలు పోల్చేటప్పుడు ఆక్టేన్‌తో పాటు ఇథనాల్ శాతమూ చూడాలి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తేలదు.

మీటరు 99,540

ఇన్‌టేక్ వాల్వుల శుభ్రం. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది, వాల్వుల వెనక భాగాన్ని కడిగే దిక్కులేదు, ఆయిల్ ఆవిరి అక్కడ పేరుకుని గట్టిపడుతుంది. విప్పి చూస్తే వాల్వు కాడలకు మాడిన అడుగు అంటులాంటిది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి దులిపారు. ఐడిల్ నునుపైంది, పొద్దున స్టార్టింగ్ బాగైంది. మైలేజీ? ముందు 10.0, తర్వాత 10.1. దీన్ని మైలేజీ పని అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, చేయించాల్సిన పనే కానీ కారణం వేరు.

ఆయిల్ కూడా అప్పుడే మార్చాను. పుస్తకం 15,000కు మార్చమంటుంది, నేను 8,000కు మారుస్తున్నాను. టర్బో బేరింగ్‌కూ అదే ఆయిల్, పైగా చిన్న చిన్న ప్రయాణాల్లో పెట్రోలు ఆయిల్లో కలిసి పలచబడుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోయింది.

మీటరు 100,870

ముందు టైర్లు రెండూ అయిపోయాయి, 19,000 కి.మీ.కే. మెత్తటి రబ్బరు, పవరంతా వాటి మీదే, మరి. సైజు 225/40 ఆర్18. కొత్తవి వేశాక మొదటి రెండు ట్యాంకుల్లో మైలేజీ పడిపోయింది, మళ్లీ ఏం పాడైందా అని ఒకటే టెన్షన్. రెండు రోజుల తర్వాత వెలిగింది. పాత టైరుకు ట్రెడ్ 2 మిల్లీమీటర్లు, కొత్తదానికి 8. చక్రం వ్యాసార్థం సుమారు 319 మిల్లీమీటర్లయితే ఆరు మిల్లీమీటర్లంటే దాదాపు రెండు శాతం. అరిగిన టైరు చిన్నది కాబట్టి అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరిగి మీటర్లో ఎక్కువ కిలోమీటర్లు పడేవి. అంటే టైరు అరిగేకొద్దీ ఇన్నాళ్లూ నేను రాసిన అంకెల్లోనే కొవ్వు చేరుతూ వచ్చింది! పాత పేజీలు దిద్దలేదు, కానీ తెలిసి ఉండటం మంచిది.

గాలి సంగతి మాట్లాడటానికే సిగ్గు. డోరు పిల్లర్ మీద స్టిక్కర్ 35 పీఎస్ఐ అంటోంది, వెనక టైర్లలో ఉన్నది 29.

మీటరు 102,300

నడిపే తీరు గురించి. మెల్లగా నడపమని అందరూ చెబుతారు, ఏది ఎంత తేడా తెస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా కారులో అన్నిటికన్నా పెట్రోలు తాగేది హైవే మీద గట్టిగా తొక్కడం కాదు, చల్లటి ఇంజినుతో మూడు కిలోమీటర్లు పోయి రావడం. స్టార్ట్ చేసిన మొదటి మూడు కిలోమీటర్లకు ఓబీడీ లెక్క లీటరుకు 5.1. కన్వర్టర్ వేడెక్కాలని కంప్యూటర్ కావాలనే స్పార్కు ఆలస్యం చేసి ఐడిల్ పెంచుతుంది. రోజుకు మూడు చిన్న పనులకు మూడుసార్లు తీయకుండా ఒక్కసారి తీసి మూడూ చూసుకుని రావడం మొదలుపెట్టాను, దగ్గర్లోవాటికి నడిచి వెళ్తున్నాను.

రెండోది, ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తే గేర్లోనే వదిలేసి రావడం. గేర్లో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఫోన్‌లో పెట్రోలు అంకె సున్నా అవుతుంది. న్యూట్రల్ చేస్తే ఐడిల్‌కు కావలసినంత పోస్తూనే ఉంటుంది, నా కారుకు గంటకు 0.8 లీటర్లు. న్యూట్రల్లో జారుకుంటూ పోతే ఆదా అన్నది కార్బ్యురేటర్ కాలం నాటి అలవాటు.

టర్బో చల్లారాలని ఇంటి ముందు ఐడిల్‌లో రెండు నిమిషాలు నిలబెట్టడం కూడా మానేశాను. చివరి రెండు కిలోమీటర్లు బూస్ట్ రాకుండా వస్తే సరిపోతోంది.

రీమ్యాప్, అంటే ఇంజిను కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు, చేయించమని చాలామంది అన్నారు, పవర్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుతుందట. ఆ పెరిగిన మైలేజీ వాళ్లు చూసింది డ్యాష్‌బోర్డులో. ట్యాంకు లెక్క చూపించమంటే ఒక్కరి దగ్గరా లేదు. ప్రస్తుతానికి వద్దు.

మీటరు 103,440

ఎనిమిది నెలలు, 11,300 కి.మీ., 1,140 లీటర్లు. మొత్తం మీద 9.9, చివరి ఐదు ట్యాంకులు మాత్రం 10.6. వంద కిలోమీటర్లకు 11.2 లీటర్లు తాగే కారు ఇప్పుడు 9.4 తాగుతోంది.

ఇక డబ్బు. ఎనిమిది నెలల ఖర్చు మొత్తం వంద అనుకుంటే పెట్రోలు 47, టైర్లు 14, ఇన్సూరెన్స్ 13, రిపేర్లు 11, ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు కలిపి 9, బ్రేకులు 6. కారు విలువ తరిగిపోవడం ఇందులో వేయలేదు, వేస్తే పెట్రోలు వాటా ఇంకా తగ్గేది. పెట్రోలు పెట్రోలు అని ఏడ్చినవాడికి అది సగం కూడా లేదు.

ఇంకోటి. పాత మైలేజీతోనే ఈ దూరమంతా తిరిగి ఉంటే 1,270 లీటర్లు పట్టేవి. మిగిలింది 130 లీటర్లు, పై వందలో ఐదు పాళ్ల చిల్లర. రిపేర్లకు పెట్టింది పదకొండు. అంటే పెట్రోలు ఆదా కోసమని చేసిన పనులకు పెట్టిన డబ్బు ఇంకా సగం కూడా తిరిగి రాలేదు. లీకు, థర్మోస్టాట్ ఎలాగూ చేయించాల్సినవే అనుకోండి, కానీ ఆదా చేస్తున్నానని ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకొన్ని నెలలైనా ఆగాలి.

ఖర్చు గట్టిగా తగ్గాలంటే చూడాల్సింది టైర్లు. సిగ్నల్ దగ్గర చక్రాలు అరిచేలా లేపడం మానేస్తే ఆ పద్నాలుగు పదికి దిగుతుందని నా అంచనా. మానేస్తానా అంటే, వారానికి ఒకటి ఉంచుకుంటాను.

నిన్న సాయంత్రం ఐదో గేర్లో 2,500 దగ్గర పూర్తిగా తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు 3,400కు ఎగిరింది, స్పీడు మాత్రం కదల్లేదు. కాలు తీయగానే ముల్లు మళ్లీ కిందికి వచ్చింది. ఇంకోసారి తొక్కి చూశాను, అదే తంతు. క్లచ్ జారుతోంది. పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన మీటరు వేసి పెట్టాను, మెకానిక్ అన్నకు సోమవారం వస్తానని చెప్పాను. నవ్వాడు.